అడుగు పొడవు

నాచారంలో ఆ ఫ్యాక్టరీకి రెండు షెడ్లు. ఒకటి గేటు దగ్గర, ఇంకొకటి దూరంగా వెనక గోడ దగ్గర. మధ్యలో ఫైబర్ కేబుల్ వేయాలి. కాంట్రాక్టర్ దేవానందం దగ్గర మిగిలిపోయిన కేబుల్ ఉంది. ఆ రకం అయిదు వందల యాభై మీటర్ల దాకానే సిగ్నల్ మోస్తుంది. దాటితే వేరే రకం తేవాలి.

దూరం కొలిచేది నేను. స్తంభాలెక్కడం మానేసి నాలుగేళ్లయింది. మోకాళ్లు. దేవానందం నన్ను ఇంకా పెట్టుకున్నది నా అడుగు కోసమే. డెబ్బై అయిదు సెంటీమీటర్లు. ఉప్పల్‌లో సగం కేబుళ్లు ఆ కొలతతో వేసినవే.

ఎండలో నడిచాను. ఏడు వందల ఇరవై అడుగులు.

ఇంజనీరు గౌతమి ఫోనులో లెక్క కట్టింది. "అయిదు వందల నలభై మీటర్లు. స్తంభాల కాడ చుట్టలకు, ఎక్కి దిగనీకి ఇంకో నలభై. ఈ కేబుల్ నడవదన్నా."

"అయితే ఇంటికి తీస్కపోయి బట్టలారేస్త," అన్నాడు దేవానందం. "జర మళ్ల సూడున్రి మేడమ్."

ఆమె కారులోంచి కొలత చక్రం తీసి దొర్లించుకుంటూ పోయి వచ్చింది. నాలుగు వందల ఎనభై. చుట్టలు కలిపినా అయిదు వందల ఇరవయ్యే.

"ఏంది మామా, అరవై మీటర్లు యాడికెల్లి తెచ్చినవ్? నడుమల కల్లు దుకాణానికి పోయొచ్చినవా?" దేవానందం నవ్వుకుంటూ మేనేజరుకు ఫోన్ చేయడానికి పక్కకు పోయాడు.

నేను మళ్లీ నడిచాను. ఏడు వందల ఇరవై ఒకటి.

"నా పక్కపొంటి దొర్లియ్ బిడ్డా," అన్నాను.

పది అడుగులు వేశాను. చక్రం ఆరు మీటర్ల డెబ్బై చూపించింది.

పైపు మీద కూర్చున్నాను. పోయినేడు బోడుప్పల్‌లో స్తంభం స్తంభానికీ కేబుల్ మిగిలింది. కోసినవాళ్లను తిట్టాను.

"లెక్క తప్పిందని చెప్పు తాతా," అంది గౌతమి, గొంతు తగ్గించి. "ఒక్కపారి ఎవలకైనా తప్పుతది."

దేవానందం వచ్చాడు.

"లెక్క తప్పలే," అన్నాను. "అడుగే చిన్నగైంది. అరవై ఏడు."

అతను నా మోకాళ్ల వైపు చూశాడు. తర్వాత నా వైపు చూడలేదు.

"గసుంటి చక్రం యాడ దొరుకుతది మేడమ్?"

"ఆఫీసోళ్లు ఇచ్చిన్రు. నాకు తెల్వదన్నా."

"రాణిగంజ్‌ల దొరుకుతది," అన్నాను నేను.