నరహరిగారి కూతురు విన్న రేడియో

నేను ఒక రేడియోని. మాట్లాడటమే నా వృత్తి, కానీ మాట్లాడిన వాటిలో ఒక్క మాటా నాది కాదు. ఢిల్లీలో ఎవరో వార్తలు చదివితే రేపల్లెలో నేను చదివాను. మద్రాసులో ఎవరో పాడితే ఇక్కడ నేను పాడాను. జనం మాత్రం "రేడియో చెప్పిందండీ" అనేవాళ్ళు, అక్కడికి నేనే ఊళ్ళన్నీ తిరిగి కనుక్కొచ్చినట్టు. నాకై నేను చెప్పాలనుకున్నది ఒక్కటే ఒక్క సంగతి ఉంది. అది చెప్పే వీలు నాకు ఎన్నడూ లేకపోయింది. అది తెలిసిన మనిషికేమో చెప్పే ధైర్యం లేకపోయింది.

మద్రాసులో ఒక రేకుల షెడ్డులో నన్ను బిగించారు. టేకు పెట్టె, ముందు గోధుమరంగు గుడ్డ, రెండు పక్కలా తిప్పే మీటలు, లోపల గాజు వాల్వులు. ఆ వాల్వులు వేడెక్కితే తప్ప నాకు గొంతు వచ్చేది కాదు. మీట తిప్పినవాళ్ళు పక్కింటి కబురు ఒకటి ముగించేదాకా ఆగి, అప్పుడు మొదలుపెట్టేదాన్ని. మొదట తెనాలిలో ఒక కాఫీ హోటల్లో ఉన్నాను. ఎన్నికల ఫలితాలప్పుడు నా ముందు కాఫీలు చల్లారిపోయేవి, మనుషులు వేడెక్కేవాళ్ళు. యజమాని ఇంకా పెద్ద రేడియో కొనుక్కుని నన్ను రేపల్లె కోర్టు గుమాస్తా సదాశివంగారికి అమ్మేశాడు. ఆయన నన్ను బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళి, ముందుగదిలో మనిషి తలకన్నా ఎత్తుగా ఉన్న చెక్కమీద కూర్చోబెట్టి, కుట్టుపని చేసిన గుడ్డ కప్పాడు. ఇంట్లో ఇంకెవరూ నన్ను తాకడానికి వీల్లేదు. పాపం ఆయన ఎక్కువ కాలం వినలేదు. ఆయన పోయాక నా మీట ఆయన భార్య భ్రమరాంబ చేతికి వచ్చింది.

భ్రమరాంబ పుట్టింది రాజమండ్రిలో. కన్నతల్లి పురిట్లోనే పోతే, పినతల్లి పొత్తిళ్ళలో పిల్లని తీసుకుని రేపల్లె వచ్చేసింది. తండ్రి ఎవరంటే చెప్పేది కాదు. చెప్పకుండానే కన్నుమూసింది. సదాశివంగారికి రెండో సంబంధం కాబట్టి పెళ్ళప్పుడు ఎవరూ గట్టిగా అడగలేదు. తరవాత జీవితమంతా అడిగారు. పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళు తాంబూలం అందుకుంటూ "మీ పుట్టింటివాళ్ళు ఎవరమ్మా?" అనేవాళ్ళు, తెలిసే. ఆవిడ మంచినీళ్ళు తెస్తానని లేచేది. మనుషులకి మనిషి ఎదురుగా ఉంటే చాలదు, ఆ మనిషి వెనక ఇంకొకరు నిలబడి ఉండాలి. నాకూ ముందు హోటలువాడి రేడియో అనీ, తరవాత గుమాస్తాగారి రేడియో అనీ పేరు. అయినా నన్ను చూసి ఎవరూ చెవులు కొరుక్కోలేదు.

నా వెనక, వాల్వుల వేడికి, ఒక బల్లి ఉండేది. చలికాలం అంతా నా పెట్టెని కరుచుకునే పడుకునేది.

ఒక చలికాలం పొద్దున భ్రమరాంబ వార్తలు పెట్టి, చెక్క కింద నిలబడి వింటోంది. ప్రముఖ నవలా రచయిత కొండేపూడి నరహరి గత రాత్రి రాజమండ్రిలో పరమపదించారని చదివాను. చదువుతుండగానే బల్లి జారి సరిగ్గా ఆవిడ నడినెత్తిన పడింది. ఆవిడ తల విదిలించుకుని తిన్నగా పెరట్లో బావి దగ్గరికి వెళ్ళి, కట్టుబట్టలతోనే చేదతో నీళ్ళు తోడి నెత్తిన కుమ్మరించుకుంది. అప్పుడే వంటింట్లోంచి కోడలు సుభద్ర వచ్చింది. నిండు చూలాలు. బల్లిని చూడలేదు. చావు కబురు విన్నది, అత్తగారి స్నానం చూసింది. మీరు చెప్పండి, తెలుగింటి ఆడపిల్ల ఆ రెంటినీ కలిపి ఏమనుకుంటుంది? చావు కబురు విన్నవెంటనే కట్టుబట్టలతో స్నానం చేసేది అయినవాళ్ళే.

"ఏంటత్తయ్యా, ఎవరు పోయారు? ఆయన మీకేమవుతారు?" అని అడిగింది.

"ఏం లేదమ్మా. నువ్వు లోపలికి వెళ్ళు, చలి" అంది భ్రమరాంబ వణుకుతూ.

నడినెత్తిన బల్లి పడితే మరణం అంటారు. ఆ మాట కడుపుతో ఉన్న పిల్లకి ఎలా చెబుతుంది? చెప్పలేదు. పైగా తన చావు నీడ కూడా కోడలి మీద పడకూడదని మూడు రోజులు వెనక వసారాలో విడిగా చాపమీద కూర్చుంది. ఒంటిపూట తిన్నది, ఎవరినీ తాకలేదు. పెళ్ళైన కూతురికి తండ్రి పోతే మైల మూడు రోజులు. నాలుగో రోజుకి వీధివీధంతా లెక్క కట్టేసింది. పక్కింటి పేరమ్మ వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నావా తల్లీ, అంత గొప్పవాడి బిడ్డవా" అని ఏడ్చింది. ఆ తరవాత పురాణ కాలక్షేపాల్లో భ్రమరాంబకి ముందు వరసలో పీట వేశారు. పుట్టిల్లు ఏదని మళ్ళీ ఎవరూ అడగలేదు.

సుభద్రకి ఆడపిల్ల పుట్టింది, కుముద. కానీ ఆ చలికాలం ఆ ఇంట్లో అసలు కొత్తగా పుట్టినవాడు భ్రమరాంబ కొడుకు కామేశం.

కామేశం పురపాలక సంఘం ఆఫీసులో గుమాస్తా. కథలు రాసి పత్రికలకి పంపేవాడు. వెళ్ళినవి వెళ్ళినట్టే తిరిగి వచ్చేవి. అంతవరకూ అతను సిగ్గుపడుతూ రాసేవాడు. ఇప్పుడు నరహరిగారి బొమ్మ ఒకటి పత్రికలోంచి కత్తిరించి, పటం కట్టించి నా పక్కన మేకుకి తగిలించాడు. దాని కింద అద్దం పెట్టుకుని తన ముక్కు, ఆయన ముక్కు చూసుకునేవాడు. ముందు నుంచి పోలిక కుదరకపోతే పక్క నుంచి చూసుకునేవాడు.

"నాకీ రాత పిచ్చి ఎక్కడిదా అనుకునేవాణ్ణే. రక్తంలోదే" అన్నాడు ఒకరోజు భార్యతో.

"మరి ఆఫీసు పనో?" అంది సుభద్ర.

"ఆ రక్తం ఉన్నవాడు నీటిపన్ను రసీదులు రాస్తూ కూచోవాలా?"

ఉద్యోగం మానేశాడు. ఒక పెద్ద నవల మొదలుపెట్టాడు. సుభద్ర కుట్టుమిషను కొనుక్కుని ఊరి ఆడవాళ్ళ జాకెట్లు కుడుతూ ఇల్లు నడిపింది. అతను ఏటా వేసవిలో రాజమండ్రి వెళ్ళి, నరహరిగారి వీధిలో ముసలివాళ్ళని పట్టుకుని అడిగేవాడు. ఆయనకి పెళ్ళాం పిల్లలు లేరు. ఆ వీధిలో ఒక దిక్కులేని పడుచు పురిటిలో పోయిందా అంటే, పోయే ఉంటుంది బాబూ అనేవాళ్ళు. ఆయన వాళ్ళింటికి వస్తూ పోతూ ఉండేవాడా అంటే, అంత పెద్దమనిషి రాకపోకలు మాకేం తెలుస్తాయి, వచ్చే ఉంటాడు అనేవాళ్ళు. అంత దూరం నుంచి వచ్చినవాణ్ణి ఒట్టి చేతులతో పంపడం ఇష్టంలేని మంచివాళ్ళు. కామేశం ఇంటికొచ్చి ఆ "ఉంటుంది"లన్నీ తీసేసి చెప్పేవాడు. నవల మాత్రం ముందుకి సాగలేదు. మొదటి ప్రకరణం ఎన్నిసార్లు చదివి వినిపించాడో, నాకే కంఠతా వచ్చింది. అది బాగాలేదు. ఈ మాట అనడానికి నాకు బాధగా ఉంది, అతను చెడ్డవాడు కాదు.

అలా ఏళ్ళు గడిచాక భ్రమరాంబ మంచం పట్టింది. నా చెక్క కిందే మంచం వేశారు. ఒక మధ్యాహ్నం సుభద్ర బజారుకి వెళ్ళినప్పుడు కామేశం తల్లి పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, ఇప్పటికైనా చెప్పవే. ఆయనేనా మీ నాన్న?"

ఆవిడ చాలాసేపు కొడుకు మొహం చూసింది. "బల్లి పడిందిరా నాయనా" అంది.

"ఏం బల్లి?"

"ఆ రోజు. నడినెత్తిన. సుభద్ర కడుపుతో ఉంది కదా, బెదిరిపోతుందని చెప్పలా. పోయేదాన్ని నేనే కదా అని విడిగా కూచున్నా. చావు రాలా. ఈలోపు మీరంతా కలిసి ఆయన్ని తెచ్చి నాకు నాన్నని చేశారు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదే?"

"చెబుదామనే అనుకున్నా. పేరమ్మ వచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నా కోసం ఒకళ్ళు ఏడవడం అదే మొదలు. నాకూ ఒక నాన్న ఉంటే బాగుండు అనిపించిందిరా. నువ్వు ఉద్యోగం మానేస్తావని అనుకోలా."

కామేశం నరహరిగారి పటం వంక చూశాడు, తన చేతుల వంక చూసుకున్నాడు. మిషను మీద సగం కుట్టిన జాకెట్టు ఉంది, దాని వంక చూశాడు. తరవాత తల్లి మీదికి వంగి చిన్నగా అన్నాడు: "ఇది ఇంకెవరికీ చెప్పకమ్మా."

"ఎవరికి చెబుతాన్రా" అంది ఆవిడ. అన్నమాట నిలబెట్టుకుని వారం తిరక్కుండా పోయింది.

ఏడాది తిరిగాక పురోహితుడు వచ్చాడు. తల్లి ఆబ్దికంలో చెప్పాల్సిన పేర్లు తల్లిది, ఆవిడ అత్తగారిది, ఆ పై అత్తగారిది. భ్రమరాంబ తండ్రి ఎవరని మంత్రంలో ఎక్కడా అడగరు. దేవుడి దగ్గర అవసరం లేని పేరు కోసం ఆవిడ బతుకంతా తలొంచుకుంది, కొడుకు బతుకంతా వెచ్చించాడు. ఆ రోజు నాకు మనుషుల మీద కోపం వచ్చింది. ఇంతవరకూ పోలేదు.

తరవాత నరహరిగారి శతజయంతి వచ్చింది. స్మారక సంఘం అధ్యక్షులు పానకాలరావుగారు రాజమండ్రి నుంచి కారులో వచ్చారు. వేదిక మీద కూర్చోబెట్టడానికి వారసులు లేక ఆయన ఇబ్బంది పడుతున్నారు.

"మీ అమ్మగారి సంగతి విన్నామండీ. ఆధారం ఏమన్నా ఉందా?" అన్నారు.

"వార్త వినగానే కట్టుబట్టలతో స్నానం చేసిందండి" అన్నాడు కామేశం. అది నిజం. ఒక్క క్షణం ఆగాడు. అక్కడితో ఆపేస్తాడని ఆశపడ్డాను. "మూడు రోజులు మైల పట్టింది" అన్నాడు.

పానకాలరావుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇంతకన్నా ఏం కావాలండీ? మైల ఎవరూ అబద్ధానికి పట్టరు." నరహరిగారి స్మారక మందిరం కట్టగానే నన్ను కూడా తీసుకువెళతామని చెప్పి, సుభద్ర ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళారు.

ఇక కుముద. టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో పనిచేసేది. సాయంత్రం వచ్చి, తల్లి మిషను మూసిన బల్లమీద కాగితాలు పెట్టుకుని రాసేది. రాసింది తల్లికి చదివేది. రెండు ఊళ్ళని తీగతో కలిపి, ఆ ఊళ్ళ మాటలు వినకూడని ఒకావిడ కథ విన్నప్పుడు, వాల్వులు ఎప్పుడో మాడిపోయి మూగదాన్నయిన నేను మొదటిసారి నా కథ ఎవరో చెబుతున్నట్టు విన్నాను. ఆ ఇంట్లో నిజంగా రాయడం వచ్చిన మనిషి ఆ పిల్ల. తండ్రికీ తెలుసు. చాటుగా నిలబడి వినేవాడు. అతని కళ్ళల్లో గర్వమూ ఉండేది, అది చూడలేని నొప్పీ ఉండేది.

పుస్తకం వచ్చింది. స్మారక సంఘమే అచ్చు వేసింది. పత్రికలో మెచ్చుకున్నారు. "ముత్తాత కలం మునిమనవరాలి చేతిలో" అని శీర్షిక. ఎక్స్‌చేంజి కథలో ఒక వాక్యం ఎత్తి రాసి, ఇది అచ్చంగా నరహరి వాక్యం అన్నారు. సభలో ఒకాయన ఈ అమ్మాయి రాయకపోతేనే ఆశ్చర్యం అన్నాడు. రాసినందుకు ఆశ్చర్యపడినవాడు ఒక్కడూ లేడు.

కుముద ఆ పత్రిక పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. తండ్రి నా కింద కుర్చీలో ఉన్నాడు.

"నాన్నా, నేను ఆయన నవలలు రెండు కూడా పూర్తిగా చదవలేదు. ఈ వాక్యం కోసం వారం రోజులు కొట్టుకున్నాను. ఇది ఆయనదెట్లా అవుద్ది?"

"మెచ్చుకున్నారు కదమ్మా."

"నన్నా? ఆయన్నా?" ఆమె కింద కూర్చుని తండ్రి మోకాలు పట్టుకుంది. "ఒక్కటే అడుగుతా, నిజం చెప్పు. ఆయన మనవాడేనా? కాడని నువ్వు ఒక్క మాటంటే చాలు, ఈ కథలు నావవుతాయి. నేను ఎవరికీ చెప్పను. నాకు తెలిస్తే చాలు, రాసుకుంటా."

నాకు ఆ ఒక్క నిమిషం గొంతు ఉంటే బాగుండేది. కామేశం పెదవులు కదిలాయి. కానీ కాడంటే అతని దగ్గర ఇంకేం మిగులుతుంది? ఉద్యోగం లేదు, నవల లేదు, భార్య వెన్ను మిషను మీద వంగిపోయింది. ఆ ఒక్క అబద్ధం తీసేస్తే ఈ నష్టం అంతా బల్లి కోసం అవుతుంది. కూతురు తన జవాబు కోసం చూస్తోందని తెలుసు, ఆ జవాబుతో ఆమె బతుకుతుందనీ తెలుసు. తెలిసి కూడా అతను ఆమె తల నిమిరి అన్నాడు:

"మీ నాయనమ్మ స్నానం చేసింది తల్లీ. నేను చూశా."

అతను చూడనే లేదు. కుముద తల ఆడించి లేచింది. కాగితాలు సర్ది మిషను సొరుగులో పెట్టింది. ఆ తరవాత సాయంత్రాలు బల్లమీద మళ్ళీ జాకెట్లే కనిపించాయి. సుభద్ర ఒకటి రెండుసార్లు "రాయట్లేదేమే?" అంది. "ఏముందమ్మా రాయడానికి" అనేది. కామేశం ఆ మాట వినబడిన ప్రతిసారీ లేచి వీధిలోకి వెళ్ళిపోయేవాడు. చెప్పడానికి అతనికి ఇంకా ఎన్నో రోజులు మిగిలి ఉన్నాయి. ఒక్కరోజూ చెప్పకుండానే పోయాడు.

నన్ను రాజమండ్రి తెచ్చి గాజు పెట్టెలో పెట్టారు. "నరహరిగారి కుమార్తె శ్రీమతి భ్రమరాంబ తండ్రి మరణవార్త విన్న రేడియో" అని కింద రాశారు. బడిపిల్లలు వచ్చి చదువుకుని వెళతారు. ఎదురుగా అద్దాల బీరువాలో నరహరిగారి పుస్తకాలు, వాటి చివర, వాటితో కలిపి, కుముద పుస్తకం.

మొన్న కుముద వచ్చింది. జుట్టు నెరిసింది. ఎవరికీ చెప్పకుండా వచ్చినట్టుంది, చేతిసంచితో ఒంటరిగా నిలబడి బీరువా చూస్తోంది. మందిరం చూసుకునే పెద్దాయన గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు.

"మీరు అయ్యగారి మునిమనవరాలు కదమ్మా? మీరు కూడా కథలు రాసేవోరంట?"

కుముద అద్దంలోంచి తన పుస్తకం వంక చూసింది.

"లేదండీ. నేనేం రాయలేదు. అన్నీ ఆయనే రాశారు" అంది.