ఎండు మన్ను లెక్క

పందొమ్మిది వందల ముప్పైనాలుగో సంవత్సరం, ఈశాన్య వానలు పడే ఐప్పసి నెలలో, అరవదేశపు కోవిల్‌పట్టి నల్లరేగడిలో వాన వద్దనుకున్న మనిషి ఒక్కడే ఉన్నాడు. అతను సుబ్బురాజ్. అక్కడి తెలుగు రైతు కొడుకై ఉండి అలా అనుకోవడానికి బుద్ధి ఉండాలి కదా అంటారేమో, ఆ బుద్ధే అతన్ని కాల్చుకు తింటోంది.

ఊళ్లోని నూలు మిల్లులో బాయిలర్ నుంచి, నూలుకు పెట్టే గంజి ఉడికే షెడ్డుకు ఆవిరి పైపు వేసి, బండ్ల బాట కింద పూడ్చారు. దారిలో ఎంత వేడి పోతుందో లెక్కగట్టింది అక్కడ కొత్తగా పనికి కుదిరిన సుబ్బురాజే. వేడికి రెండు అడ్డులు: పైపుకు చుట్టిన ఆస్బెస్టాస్ తాడు ఒకటి, దాని మీది మన్ను ఒకటి. ఆవిరికీ పైనేలకీ ఉన్న వేడి తేడాను ఆ రెండడ్డుల మొత్తంతో భాగిస్తే పోయే వేడి తేలుతుంది. మన్ను గట్టి అడ్డే, తాడు ఒక్క చుట్టు చాలన్నాడు. మేనేజర్ శ్రీనివాసన్ మెచ్చుకున్నాడు. రేపు యజమాని ఎదుట ఆవిరి వదిలి, గంజి సరిగ్గా ఉడికితే ఉద్యోగం ఖాయం.

పైపు పూడ్చాకగానీ అతనికి తట్టలేదు. లెక్కలో వేసింది ఎండు మన్ను. తడిసిన రేగడి వేడిని ఆపదు, లాగేస్తుంది. ఆ అడ్డు సగానికి పడిపోతే ఆవిరి దారిలోనే నీళ్లవుతుంది. రేపటిదాకా వాన పడకపోతే చాలు, తర్వాత సంగతి తర్వాత. అన్నం సహించలేదు. ఇంట్లోకీ వాకిట్లోకీ కాలుకాలిన పిల్లిలా తిరిగాడు.

తండ్రి అప్పాసామి పొడి దుక్కిలోనే పత్తి విత్తేశాడు. ఈ వారం తడవకపోతే విత్తనం చీమలపాలే.

"ఏమిరా సుబ్బు, మోడం ఎట్టుండాది?" అని మబ్బుల కేసి చూశాడు.

"గాలికి పోతాది నాయనా." అనేసి నాలుక కరుచుకున్నాడు.

సాయంత్రం కుండపోతగా కురిసింది. అప్పాసామి చేలో మన్నులోకి చేయి దించి తడి చూసుకుని, ముద్దగా తడిసి వచ్చి కొడుకు చేయి పట్టుకున్నాడు.

"మోచేతి మట్టుకు ఈరం దిగిండాదిరా! బతికిపోతిమి!" అని నవ్వుతూనే ఏడ్చేశాడు.

సుబ్బురాజ్‌కు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"ఈ వాన రాకూడదని మొక్కుకుంటిని నాయనా," అని పైపు సంగతంతా చెప్పేశాడు.

అప్పాసామి నవ్వు ఆగిపోయింది. కొడుకును ఎగాదిగా చూశాడు.

"వాన లేకపోతే మీ మిల్లు ఏమి వడుకుతాదిరా?"

సుబ్బురాజ్ లేచి వాకిట్లోకి నడిచాడు. ఆ వానలోనే శ్రీనివాసన్ ఇంటికి పోయి తలుపు తట్టాడు.

"లెక్క తప్పింది సార్," అన్నాడు తమిళంలో. "రేపు ఆవిరి వదలకండి. పైపు తవ్వి తాడు ఇంకో చుట్టు చుట్టాలి."