సమాధుల పండుగనాడు గేటు దగ్గర

సమాధుల పండుగనాడు సాయంత్రం మా అమ్మ విశ్రాంతమ్మ సున్నం బకెట్టు, రెండు కొవ్వొత్తులు పట్టుకుని గుట్టకు బయలుదేరింది. వెనక నేను. ఒక కొవ్వొత్తి నాయనకు, ఒకటి తాతకు. ఏటా ఆ రోజు వాళ్ల సమాధులకు సున్నం వేసి, ప్రార్థన చేసుకుని వస్తాం.

పినపాక దాటాక అడవిలో ఉన్న ఆ గుట్టను పోయినేడాది పార్కు చేశారు. జంతువులను, చెట్లను కాపాడతారట. కాపాడితే మాకంటే సంతోషించేవాళ్లు ఎవరు? మా నాయన మార్కు బతికినంతకాలం చేసిన పని అదే. ఎండాకాలం అడవి అంటుకుంటే పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పేవాడు.

గేటు దగ్గర కాపలా ఎవరనుకున్నారు, మా తమ్ముడు జోయెలే. యూనిఫాం వేసుకుని, మమ్మల్ని ఎన్నడూ చూడనట్టు నిలబడ్డాడు.

"ఊరోళ్లను పోనియ్యొద్దన్నరమ్మా. నిప్పయితే అసలే వద్దు. అడవి అంటుకుంటదట."

"మరి గా పొగ ఏందిరా?" అంది అమ్మ.

గేటు నుంచే కనబడుతోంది. ఇప్పచెట్ల నడుమ కొత్త కాటేజీలు, వాటి ముందు పెద్ద కట్టెల మంట, చుట్టూ పట్నం నుంచి వచ్చినవాళ్లు. ఒకాయన నాయన సమాధి మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని చికెన్ తింటున్నాడు.

"వాళ్లు గెస్టులు" అన్నాడు జోయెల్.

నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వు కూసున్నది మా నాయన మీద అని ఆయనకు చెప్పినవారా?"

"చెప్తే నౌకరీ పోతదక్కా."

అమ్మ ఇంకా అటే చూస్తోంది. "సమాధి మీద సిలువేది?"

"సమాధులని తెలిస్తే గెస్టులు రారని సారు తీసెయ్యమన్నడు."

"తీసింది ఎవరు?"

వాడు నేల చూపులు చూశాడు.

అమ్మ బకెట్టు కింద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గేటు ముందు మట్టిలో ఒక కొవ్వొత్తి గుచ్చి వెలిగించింది. "ఇది మీ నాయనకు."

రెండోది సరిగ్గా జోయెల్ బూట్ల ముందు గుచ్చింది. "ఇది నీకు. తాత ఏమనుకోడులే."

వాడి ముఖం పాలిపోయింది. "బతికున్న కదమ్మా" అన్నాడు.

అమ్మ అగ్గిపుల్ల గీసి దాన్నీ వెలిగించింది.

ఇంతలో వెనక గెస్టుల జీపు వచ్చి హారన్ కొట్టింది. జోయెల్ ఉలిక్కిపడి రెండు కొవ్వొత్తులనూ బూటుతో నలిపేశాడు. ఎంతైనా మార్కు కొడుకు కదా, నిప్పు ఆర్పడం వచ్చింది. ఆర్పి, గేటు తెరిచి, జీపుకు సలాం కొట్టాడు.