మూడు గుంటలకు ఒకే కాలువ

హోల్గర్ మళ్లీ సబ్బు సంగతి ఎత్తాడు.

"పై గుంట పక్కన తివాచీలు ఉతికావు కదూ? నిజం చెప్పు, గున్నెల్."

"కింద ఒడ్డున, రేవు బల్ల మీద ఉతికాను. పెళ్లయినప్పటి నుంచీ అక్కడే ఉతుకుతున్నాను. నీ పురుగుల్ని నేను చంపలేదు."

మా దీవిలో ఇల్లు ఒక్కటే, మనుషులం మొగుడూ పెళ్లాం ఇద్దరమే. ఏది చచ్చినా అనుమానించడానికి అతనికి నేను తప్ప ఎవరూ దొరకరు.

ఇంటి వెనక బండ మీద వాననీరు నిలిచే గుంటలు మూడు. వాటిలో ఆవగింజంత నీటిపురుగులు గెంతుతుంటాయి. ఏటా హోల్గర్ పైక్ అనే వేట చేప గుడ్లను తొట్టిలో పొదిగించి, పిల్లలకు ఈ పురుగుల్ని మేపి, వేలెడంత అయ్యాక చేపలు తగ్గిపోయిన మా అఖాతంలో వదులుతాడు. పురుగులకు మాత్రం ఒక పద్ధతంటూ లేదు. ఒక వారం నీళ్లు ఎర్రబడేటంత పుట్టుకొస్తాయి, మరో వారం మేత చాలక చస్తాయి. ఎప్పుడు ఏ గుంటో ఎవరూ చెప్పలేరు. కానీ ఒకటి ఖాళీ అయితే ఇంకొకటి నిండుగా ఉండేది. వల పట్టుకుని అటు నడిస్తే సరిపోయేది.

అలా నడవడం అతనికి నచ్చలేదు. ఈసారి మంచు కరగగానే ఉలితో గుంట నుంచి గుంటకు కాలువ చెక్కాడు. నిండిన దాంట్లోంచి ఖాళీ దాంట్లోకి అవే పోతాయట.

మూడూ కలిసి ఎర్రబడ్డాయి. తర్వాత మూడూ కలిసి ఖాళీ అయ్యాయి.

"దీనికో కారణం ఉండాలి కదా!"

"ఉంది. అన్నీ కలిసి తిన్నాయి, కలిసి మాడాయి. ఇప్పుడు ఏ గుంట ఏ గుంటను ఆదుకుంటుంది?"

అతను బంకమట్టి తెచ్చి కాలువ పూడ్చసాగాడు, పురుగు లేని నీళ్ల మధ్య. గుంట పక్కనే ఉతికానని నేను ఒప్పుకుంటే అతనికి ఎంత హాయిగా ఉండేదో! ఒక్క క్షణం నాకు ఒప్పుకోబుద్ధయింది. అందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

తొట్టిలోకి వంగి చూశాం. ఒక చేపపిల్ల నోట్లోంచి ఇంకో పిల్ల తోక వేలాడుతోంది.

"ఇంకో రెండు రోజులు చూద్దాం" అన్నాడు.

"అప్పటికి లావుపాటిది ఒక్కటే మిగులుతుంది. దాన్ని సోఫాలో కూర్చోబెట్టి కబుర్లు చెప్పుకో. పట్టు ఆ తొట్టి పిడి."

"ఇంత చిన్నవాటిని వదిలితే సగం పోతాయి, గున్నెల్."

"సగం ఉంటాయిగా."

గొణుగుతూనే రెండో పిడి పట్టుకున్నాడు. ఒడ్డున రెల్లు దగ్గర తొట్టిని వంచాం. పిల్లలు కాసేపు గుంపుగా ఆగి, దేని దారిన అది చెదిరిపోయాయి.

"ఒక్కటీ ఇంకోదాని పక్కన నిలవలేదు చూడు" అని విసుక్కున్నాడు హోల్గర్.

"తెలివైనవి" అన్నాను.