పిల్లికిచ్చిన చోటు

ఆ కుట్టుపని కొట్టులో 'మేడమ్' అనే మాట ఎవరూ అనకూడదు. పొరపాటున ఎవరైనా అంటే యజమానురాలు రెండు చెవులూ మూసుకునేది. "మేడమేంటర్రా! మనదంతా ఒకే కుటుంబం. నోరారా అక్కా అనండి" అనేది. ఆమెకంటే వయసులో ఎంతో పెద్దవాడైన కటింగ్ మాస్టరు కూడా మీసాల్లో నవ్వుకుంటూ అక్కా అనే పిలిచేవాడు.

అందరికంటే మనసారా ఆ మాట అనేది కాజాలమ్మాయి. చొక్కాలకు ఆమె కుట్టినంత నీటుగా కాజాలు ఇంకెవరూ కుట్టలేరు కాబట్టి ఆ పేరే స్థిరపడిపోయింది. కిటికీ పక్క, వెలుతురు బాగా పడే కుర్చీ ఆమెది. తోడబుట్టినవాళ్లు ఎవరూ లేరేమో, అక్కా అని పిలవడానికి ఒక మనిషి దొరికిందని మురిసిపోయేది.

ఒక వానపూట వెనక గుమ్మంలోంచి బూడిదరంగు పిల్లి ఒకటి లోపలికి వచ్చింది. వీధిపిల్లి. తడిసి ముద్దయి, బరువైన పొట్టతో అడుగులో అడుగేస్తోంది. మాస్టరు "హుష్!" అంటూ కొలతబద్ద ఎత్తాడు.

"ఆగండి మాస్టారూ!" అక్క అడ్డం వచ్చింది. "కడుపుతో ఉన్నదాన్ని వెళ్లగొడతామా? మనం మనుషులం కామూ? దాని పురుడు ఇక్కడే."

కాజాలమ్మాయి చేతిలో సూది ఆగిపోయింది. ఆమె కూడా గర్భవతే. ఆ సంగతి భర్తకు తప్ప ఎవరికీ తెలియదు. పొద్దున్నే వచ్చే వాంతులను పైత్యమని చెప్పి నెట్టుకొస్తోంది. ఇదివరకు పనిచేసిన చోట, పొట్ట కనబడగానే ఒక స్నేహితురాలిని ఎలా సాగనంపారో కళ్లారా చూసింది మరి. భర్త సంపాదన ఒక్కదానితో ఇల్లు గడవదు. ఈ పని పోతే పుట్టబోయే బిడ్డ సంగతి అటుంచి, తను కడుపునిండా తినడమే గగనమవుతుంది.

పిల్లి బాధ్యత ఆమే నెత్తినేసుకుంది. కొలతల గదిలో చీకటి మూల చూసి, అట్టపెట్టెకు ఒక పక్క దారి కోసి, పాత దుప్పటి పరిచింది. ఎవరో గుడ్డముక్కలు వెయ్యబోతే, "వద్దొద్దు, దారాలు ఊడి కూనల కాళ్లకు చుట్టుకుంటాయి" అని తీసేసింది. పొట్ట నిండుగా ఉన్నదానికి ఒకేసారి తిండి పట్టదని కొంచెం కొంచెంగా పలుమార్లు పెట్టేది. పొట్ట మీద ఎవరినీ చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. అక్క మాత్రం ఫోన్‌లో ఫొటోలు తీసి, వచ్చినవాళ్లందరికీ చూపించేది. "మా ఆడపడుచు పురిటికొచ్చింది" అంటే అందరూ పకపకా నవ్వేవారు. ఎంత దయగల తల్లివమ్మా అని మెచ్చుకునేవారు.

ఆ దయ చూసే కాజాలమ్మాయికి ధైర్యం వచ్చింది. ఒకరోజు అక్కను పక్కకు పిలిచి తన సంగతి చెప్పేసింది.

"పిచ్చిదానా, నా దగ్గర దాస్తావా? నేను లేనూ!" అని అక్క కావలించుకుంది. గుండెల మీది బరువు దిగిపోయి, ఆ పూట ఆమె తృప్తిగా భోంచేసింది.

తర్వాతి వారం మొదటిరోజు కొట్టుకు వచ్చేసరికి కిటికీ పక్క కుర్చీలో వేరే పిల్ల కూర్చుని కాజాలు కుడుతోంది.

"నీ మంచికే చెప్తున్నా తల్లీ," అంది అక్క, గొంతులో తేనె ఒలకబోస్తూ. "ఇంటిపట్టున ఉండి విశ్రాంతి తీసుకో. పురుడయ్యాక చూద్దాం."

"కూర్చుని చేసే పనే కదక్కా? డాక్టరమ్మ కూడా చేసుకోవచ్చంది."

"రేపు మధ్యలో మానేస్తే ఆర్డర్లు ఎవరు చూస్తారు? నా ఇబ్బంది కూడా అర్థం చేసుకోవాలి కదా!"

"మీరే కదక్కా అన్నారు, కడుపుతో ఉన్నదాన్ని వెళ్లగొడతామా అని?"

అక్క తెల్లబోయి చూసి, ఫక్కున నవ్వేసింది. "ఓసి పిచ్చిమొహమా! అది పిల్లి గురించి!"

ఇంతలో లోపలి నుంచి పిల్లి అరుపు వినిపించింది. అక్క ఫోన్ పట్టుకుని పరుగెత్తింది. ఆమె వెనకే బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు గుమిగూడారు. జనాన్ని చూసి పిల్లి బెదిరిపోయింది. మొదటి కూన పొరతోనే పడింది, తల్లి దాన్ని నాకకుండా మూలకు ముడుచుకుపోయింది.

"కాజాలమ్మాయీ! తొందరగా రా! కదలట్లేదే ఇది!"

కోపం, దుఃఖం పక్కన పెట్టి ఆమె వెళ్లింది. అందరినీ బయటికి పంపి తెర వేసింది. చేతులు కడుక్కుని, కూన మూతి మీది పొర మెల్లగా తీసి, శుభ్రమైన మెత్తటి గుడ్డతో ఒళ్లు రుద్దింది. బొడ్డుతాడు జోలికి పోలేదు. కూన సన్నగా కీచుమంది. దాన్ని తల్లి మూతి దగ్గర పెట్టి వెనక్కి జరిగింది. పిల్లి ముందు వాసన చూసి, ఆపైన నాకడం మొదలుపెట్టింది. మిగతా రెండింటికీ ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది.

అక్క హమ్మయ్య అనుకుంది. "నువ్వుండబట్టి సరిపోయింది! రోజూ వచ్చి దీన్ని చూసిపోతుండమ్మా. పరాయిదానిలా మొహం చాటెయ్యకు."

"పాలిచ్చే తల్లి కదా, తిండి, నీళ్లు దగ్గరే పెట్టండి. పెట్టె కదపకండి. నేను రాను, మేడమ్."

కుట్టుమిషన్లన్నీ ఆగిపోయాయి. కిటికీ పక్క కొత్తపిల్ల లేచి నిలబడింది. "రేపు నాకు కడుపొస్తే నా గతీ ఇంతేనా, మేడమ్?" అని అడిగేసింది.

అక్క దిక్కుతోచక మాస్టరు వైపు చూసింది. ఆయన కత్తెర బల్ల మీద పెట్టాడు. "ఆ పిల్లి మనకు కాజాలు కుట్టట్లేదు, ఆర్డర్లూ ఆపట్లేదు. దానిమీద జాలి పడితే మనకు పోయేదేముంది? ఈ పిల్లకు చోటిస్తే కాస్త నష్టముంది. మంచితనం బయటపడేది అక్కడే, మేడమ్."

అక్క తల దించుకుని ఆర్డర్ల పుస్తకం తెరిచింది. వెళ్లొద్దని మాత్రం అనలేదు.

కాజాలమ్మాయి తన చిన్న కత్తెర తీసుకుని బయటికి నడిచింది. పని పోయినందుకు కంట నీరు రాలేదు. సొంత అక్కకు చెప్పుకున్నట్టు కడుపులో మాట చెప్పుకున్నందుకు వచ్చింది. వీధి మలుపు తిరిగేదాకా ఆపుకుని, అక్కడ నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

చదువుతున్న అమ్మలారా, అయ్యలారా! మూగజీవాన్ని ఆదరించండి, తప్పకుండా ఆదరించండి. కానీ మీ దగ్గర పనిచేసే గర్భవతిని చెల్లీ, తల్లీ అని ముద్దుగా పిలిచే ముందు, ఆమె కుర్చీ ఆమెకే ఉంచండి.