కొట్టు మధ్యలో చేపల గోడ

మొదలుపెట్టేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: పైపులూ కుళాయిలూ అమ్మే కొట్టులో సగం, ఆ సగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేలని తగువు, ఒక అన్న, ఒక భార్య, ఆరడుగుల గాజు తొట్టె. భార్యను మినహాయిస్తే వీటిలో నేను కోరి తెచ్చుకున్నది ఏదీ లేదు.

ముందు తొట్టె సంగతి. ఒక పాత హోటల్ పడగొడుతుంటే అందులోని వాష్ బేసిన్లు, ఇత్తడి కుళాయిలు గంపగుత్తగా కొన్నాం. ఆ లారీలోనే ఇదీ దిగింది. మాకొద్దంటే, అయితే కుళాయిలు కూడా ఇచ్చేది లేదన్నారు. లోపలికి తోద్దామంటే వెనక పైపుల ర్యాకు అడ్డం. బయట పెడదామంటే వీధంతా అడ్డం. అలా కొట్టు ముందు భాగంలో నట్టనడుమ ఆగిపోయింది. వచ్చిన ప్రతివాడూ దానికి మోకాలు కొట్టుకునేవాడు.

ఇక తగువు. షట్టరు పక్కన మా నాన్న కూర్చున్న చేతుల కుర్చీ ఉండేది. వీధిలోంచి వచ్చేవాడికి ముందు కనపడేది అందులో ఉన్న మొహమే. ఎవరి మొహం ముందు కనపడితే వాడే యజమాని. నాన్న పోయాక అన్నయ్య పొద్దున్నే వచ్చి అందులో కూర్చోవడం మొదలుపెట్టాడు. నేను ఇంకా పొద్దున్నే వచ్చాను. ఆయన అంతకన్నా ముందు వచ్చాడు. చివరికి ఒకరోజు షట్టరు సగం లేవగానే ఇద్దరం కిందనుంచి దూరి, కుర్చీలో చెరో సగం మీద కూలబడ్డాం. అన్నయ్య ఒళ్లు పెద్దది. నా సగంలో కూడా సగం ఆయనే. అయినా మధ్యాహ్నం దాకా నేను లేవలేదు. కుళాయి కొనడానికి వచ్చినవాళ్లు మమ్మల్ని ఫొటో తీసుకుని, కుళాయి కొనకుండా పోయారు.

"విడిపోదాంరా," అన్నాడు అన్నయ్య, నా వైపు తిరగడానికి చోటు లేక వీధివైపు చూస్తూ.

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు. ఇక్కడే. మధ్యలో గోడ కట్టిద్దాం."

మేస్త్రిని పిలిచాం. ఆయన టేపు పట్టి కొలిచి, అన్నయ్యని కూడా కళ్లతోనే కొలిచాడు.

"షట్టరు మధ్యకి గోడ వస్తే చెరో మనిషి పట్టేంత దారి మిగుల్తుందండీ. పెద్దాయన మాత్రం పక్కకి తిరిగి రావాలి."

"సరుకో?"

"సరుకు కూడా పక్కకి తిరిగే రావాలి."

అంతలో కొట్టు అద్దెకిచ్చిన ఓనరు ఒక్క ఇటుక పెట్టినా ఖాళీ చెయ్యమని కబురు పంపాడు. అన్నయ్య చొక్కా జేబులోంచి స్టీలు తాళంచెవి తీసి నా ముందు ఆడించాడు.

"పక్క వీధిలో కొట్టు చూశాను. తాళంచెవి కూడా ఇచ్చేశారు. గోడన్నా లేవాలి, నేనన్నా పోవాలి. తేల్చు."

నేను లెక్క వేసుకున్నాను. సగం కొట్టు సగం బేరం చెయ్యదు. పైపు ఒకచోట, దాన్ని మలుపు తిప్పే ఎల్బో ఇంకోచోట దొరికితే, కొనేవాడు రెండూ దొరికే మూడో కొట్టుకి పోతాడు. అదొక లెక్క. రెండోది, అన్నయ్య పక్క వీధికి పోతే రోజంతా నేను ఎవరితో పోట్లాడాలి? ఈ రెండో లెక్క ఎటు తిప్పి వేసినా నష్టమే వచ్చింది.

"గోడ ఉంది కదన్నయ్యా," అని తొట్టె చూపించాను. "వెనక పైపుల ర్యాకు, ముందు ఇది. కొట్టు నిలువునా రెండయిపోతుంది. ఇటుక లేదు, ఓనరు నోరెత్తడు."

"గాజులోంచి నీ మొహం కనపడుతుంటే విడిపోయినట్టెలా అవుతుందిరా?"

"నీళ్లు పోసి పైదాకా రాళ్లు పేరిస్తే కనపడదు."

అలా చేపలాయన మా కథలోకి వచ్చాడు. చేపల కొట్టు నడిపే మనిషి. చేప గురించి అడిగితే పెళ్లిసంబంధం చెప్పినట్టు గుణగణాలు మొదలుపెడతాడు.

"తొట్టె నిండా రాళ్లు కావాలంటే ఆఫ్రికా సిక్లిడ్లే వెయ్యాలి. అక్కడి చెరువుల్లో రాతి సందుల్లోనే పుట్టి పెరుగుతాయి. రంగులు చూస్తే మతిపోతుంది. ఒకటే ఇబ్బంది. కొట్టుకుంటాయి."

"ఎందుకూ?"

"ఒక్కోదానికి ఒక్కో గుహ. పక్కది తొంగిచూసినా ఊరుకోదు. తినడానికి బోలెడంత ఉన్నా సరే, చోటు కోసం చస్తాయి."

అన్నయ్యా నేనూ మొదటిసారి ఒకే మాట అన్నాం: "అవే ఇవ్వండి."

పైపుల వ్యాపారులం కాబట్టి స్టాండు మేమే చేశాం. లావు ఇనుప పైపులతో చేసిన ఆ స్టాండు మీద తొట్టేం ఖర్మ, లారీ నిలబడుతుంది. కింద థర్మాకోల్ షీటు పరిచాం. రాళ్లు ఇసక మీద పెడితే చేపలు తవ్వి కూల్చేస్తాయని, ముందు రాళ్లు అడుగున ఆనించి తర్వాత ఇసక పొయ్యమన్నాడు చేపలాయన. అదీ విన్నాం. ఫిల్టరు దగ్గర మాత్రం వినలేదు. ఒక పెద్దది చాలన్నాడు. తన ఫిల్టరు నా వైపు నీళ్లు కడగడానికి వీల్లేదన్నాడు అన్నయ్య. చెరోటి పెట్టుకున్నాం. రెండు ధారలూ మధ్యలో ఢీకొని, ఇసక అక్కడ కట్టలా పోగయింది.

"చూశావా, నీళ్లకి కూడా హద్దు తెలిసింది," అన్నాడు అన్నయ్య తృప్తిగా.

చేపలు వెంటనే వెయ్యకూడదట. కొన్ని వారాలు ఫిల్టర్లు తిరిగి నీళ్లు తయారవ్వాలట.

"నీళ్లు తయారవడమేంటయ్యా, పంపు తిప్పితే వస్తాయి కదా!" అన్నాడు అన్నయ్య.

"వచ్చేవి వేరు, అయ్యేవి వేరండీ," అన్నాడు చేపలాయన.

ఆ వారాలన్నీ చేపల్లేని తొట్టెకి అటూ ఇటూ కూర్చుని వ్యాపారం చేశాం. కుర్చీ మాత్రం సరిగ్గా తొట్టె మొన దగ్గర, రెండు కాళ్లు అటు, రెండు కాళ్లు ఇటు మిగిలిపోయింది. అందులో మేమిద్దరం కూర్చోలేదు. ఎవరైనా కొనడానికి వచ్చి కూర్చుంటే చాలు, ఎడమ చెవిలో అన్నయ్య, కుడి చెవిలో నేను ఒకేసారి ధరలు చెప్పేవాళ్లం.

నీళ్లు తయారయ్యాయని ఆయన చెప్పగానే చేపలు తెచ్చాం. అన్నయ్యవి నీలం, నావి పసుపు. కలిసిపోతే ఎవరివో తెలియాలిగా! తీరా వేస్తే అవన్నీ రెక్కలు ముడుచుకుని, ఉతికి ఆరేసిన గుడ్డల్లా వెలిసిపోయి, మూల చేరాయి. చేపలాయన వచ్చి నీళ్లు వేలితో ముట్టి, నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఏం నీళ్లు పోశారు?"

"మా కొట్టులో అన్నిటికన్నా మంచివి," అన్నాను గర్వంగా. బోరు నీళ్లలో సున్నం తీసేసే మిషన్లు అమ్ముతాం మేము. ఆ మిషన్‌లోంచి తీసిన మెత్తటి నీళ్లతోనే తొట్టె నింపాం. పక్కన మిషన్ గురించి బోర్డు కూడా పెట్టాం.

చేపలాయన స్టాండు పట్టుకుని నవ్వాడు. ఆ స్టాండు లారీకైనా ఆగుతుంది గానీ ఆయన నవ్వుకి కదిలింది.

"మీ మిషన్ దేన్ని తీసేస్తుందో వీటికి అదే కావాలండీ! కుళాయి మీద తెల్లగా గార కడుతుందే, అలాంటి నీళ్లలో పుట్టిన జాతి ఇది."

కొంచెం కొంచెంగా బోరు నీళ్లు మార్చాం. రాళ్ల మధ్య సున్నపురాళ్లు పెట్టాం. చేపలు కళ్లు తెరిచాయి. నీలం నీలంలా, పసుపు పసుపులా మండిపోయింది. వీధిలోవాళ్లు ఆగి చూడసాగారు. మిషన్ కొనడానికి వచ్చిన ఒక టీచరమ్మ చాలాసేపు చూసింది.

"ఇవి ఏ నీళ్లండీ?"

అబద్ధం చెప్పే వ్యవధి అన్నయ్య నాకివ్వలేదు. "బోరు నీళ్లేనమ్మా, ఏమీ తియ్యలేదు," అన్నాడు అటువైపు నుంచి.

"బోరు నీళ్లకే ఇంత కళ వస్తే ఇంక మిషన్ ఎందుకూ?" అని ఆవిడ వెళ్లిపోయింది. ఆ తర్వాత మాకు మిషన్ బేరం తగల్లేదు.

అసలు గొడవ ఇంకా రాలేదు. అన్నయ్య నీలం చేపల్లో ఒకటి, ఒళ్లు కాస్త పెద్దది, షట్టరు వైపు గుహ పట్టేసింది. వీధిలోంచి వచ్చేవాడికి ముందు కనపడేది అదే. అక్కణ్నుంచి బాణంలా వచ్చి, ఇసక కట్ట దాటి, నా పసుపు చేపల తోకలు కొరికేది. దానికి మా ఆవిడ 'బావగారు' అని పేరు పెట్టింది.

"అన్నయ్యా, నీ చేప నా వైపుకొస్తోంది!"

"నీ వైపు గేటు పెట్టుకో."

"పెద్దవాడివి, నువ్వు చెప్పుకోవాలి దానికి!"

"చేపకేం చెప్తారురా? నీవాటికి చేవలేదని చెప్పు."

నవ్వుతూ అన్న ఆ మాట ఎంతోకాలం నిలవలేదు. నా పసుపువన్నీ సందుల్లో దాక్కున్నాక బావగారు తన తోటి నీలం చేపల మీద పడింది. తోక సగం పోయిన నీలం చేపను చూసి అన్నయ్య మొహం నల్లబడింది. జేబు తడుముకున్నాడు.

"ఇంక లాభం లేదు. నేను ఆ కొట్టుకే పోతాను. రేపే."

పరుగున పోయి చేపలాయన్ని లాక్కొచ్చాను. ఆ వేళకి వదినా మా ఆవిడా కూడా కొట్టులోనే ఉన్నారు. మొగుళ్లు చెరోవైపు కూర్చున్నా వాళ్లిద్దరూ మధ్యాహ్నం టీ కలిసే తాగేవాళ్లు.

"దీనికి మందు తేలికండీ," అన్నాడు చేపలాయన. "రాళ్లన్నీ తీసేసి వేరే తీరుగా పేర్చండి. ఎవరి గుహ ఎక్కడో ఎవరికీ తెలియకూడదు. ఇంకో నాలుగు చేపల్ని కూడా కలపండి. గుంపు పెరిగితే ఎవర్ని తరమాలో తేలక ఊరుకుంటాయి."

"మనుషులకి కూడా పనిచేస్తుందా అండీ?" అంది మా ఆవిడ.

"నేను చేపలకే గ్యారంటీ ఇస్తానమ్మా."

ఆ రాళ్లు ఒక్కడు లేపేవి కావు. గాజుకి తగిలిందంటే కొట్టంతా చెరువు. చొక్కా చేతులు మడిచి అటునుంచి అన్నయ్య, ఇటునుంచి నేను భుజాలదాకా నీళ్లలో పెట్టాం.

"నువ్వు పట్టుకున్నావా?"

"పట్టుకున్నా. నువ్వు?"

"నా వేలు పట్టుకున్నావురా, రాయి పట్టుకో!"

రాళ్లు బయటికొచ్చేకొద్దీ గోడ పోయింది. నీళ్లలోంచి అన్నయ్య మొహం రెండింతలై కనపడింది. ముక్కు మీదుగా పసుపు చేప పోతోంది. గుహలు పోగొట్టుకున్న చేపలన్నీ, బావగారితో సహా, ఎటుపోవాలో తెలియక ఒకేచోట గుంపుగా నిలబడ్డాయి.

అప్పుడు అన్నయ్య ఇంకాస్త వంగాడు. జేబులోంచి తాళంచెవి జారి, మెరుస్తూ అడుక్కి పోయి ఇసకలో పడింది. ఆయన చూశాడు. ఆయన చూడటం నేను చూశాను. ఇద్దరి చేతులూ నీళ్లలోనే ఉన్నాయి. ఎవరు చాపినా అందుతుంది.

"ఆ పెద్ద రాయి ఇటు పట్టు," అన్నాడు అన్నయ్య.

పట్టాను. ఆయన దాన్ని సరిగ్గా తాళంచెవి మీద దించాడు.

"అన్నయ్యా, అక్కడ…"

"అక్కడేముంది? ఇసకే. ఇంకోటి అందుకో."

పేర్చడం అయ్యేసరికి మా నడుములు పోయాయి. నీళ్లు కారుతున్న చేతులతో తలెత్తి చూస్తే మా కొట్టు మాకు కనపడలేదు. మేము నీళ్లలో ఉన్నంతసేపూ ఆడవాళ్లిద్దరూ ఊరుకోలేదు. షవర్లుండే చోట వాల్వులు, వాల్వుల చోట కమోడ్ మూతలు. నా బల్ల అన్నయ్య వైపు గోడకి, అన్నయ్య బల్ల మెట్ల కింద. కుర్చీ లేదు.

"నాన్న కుర్చీ ఏదీ?" అన్నాం ఇద్దరం.

"కొత్త చేపలకి బదులు చేపలాయనకిచ్చేశాం," అంది వదిన. "రిక్షా ఎక్కించుకుని పోయాడు పాపం, మురిసిపోయి. రేపట్నుంచి మేమిద్దరం కూడా కొట్టుకొస్తున్నాం. గుంపు పెరగాలన్నాడుగా!"

మర్నాడు మొదటి బేరం ముప్పావంగుళం ఎల్బో. అన్నయ్య వెతికాడు, దొరకలేదు. నేను వెతికాను, దొరకలేదు. కొనేవాడు కూడా మాతోపాటు వెతికి, వెతుకుతూ తనకవసరం లేని షవరు ఒకటి కనపడితే అది కొనుక్కున్నాడు.

"ఒరేయ్ తమ్ముడూ, నేనెక్కడ కూర్చోవాలిరా?" అన్నాడు అన్నయ్య.

"నాకూ తెలీదన్నయ్యా," అన్నాను. నిజంగానే తెలీదు.

ఎవరైనా ఒకచోట అలవాటుపడుతున్నట్టు కనపడితే ఆడవాళ్లు మళ్లీ అన్నీ మార్చేస్తున్నారు. మొన్న వదిన ఉండే చోటు మా ఆవిడే మార్చింది.

ఇక ఆఖరు లెక్క. పోయినవి: నీళ్ల మిషన్ల బేరం, నాన్న కుర్చీ, పక్క వీధి కొట్టు. తాళంచెవి పోయిందని అన్నయ్య చెప్పేసరికి ఆ కొట్టు ఓనరు తాళం మార్చి ఇంకెవరికో ఇచ్చేశాడు. మిగిలినవి: ముక్కలు కాని ఒక కొట్టు, ఎక్కడ దొరుకుతాయో తెలియని ఎల్బోలు, పొదగడానికి నోటినిండా గుడ్లు పెట్టుకుని తిండి మానేసిన పసుపు చేప ఒకటి. పిల్లలు పసుపుగా పుడతాయో నీలంగా పుడతాయోనని అన్నయ్య రోజూ గాజుకి ముక్కు ఆనించి చూస్తున్నాడు. రెండూ కానివి పుడితే ఎవరూ కొనరని చేపలాయన ముందే చెప్పాడు. అమ్మేది లేదన్నాం.

ఆయన నిన్న కూడా వచ్చాడు. చేపలు చూడ్డానికి కాదు. ఆ కుర్చీ తన కొట్టు షట్టరు పక్కన వేసుకున్నాడట. ఇప్పుడు ఆయన బావమరిది రోజూ ఆయనకన్నా ముందొచ్చి అందులో కూర్చుంటున్నాడట. గోడ కట్టే మేస్త్రి ఎక్కడుంటాడో చెప్పమన్నాడు.

చెప్పాను. అదీ లాభం కిందే వేసుకున్నాను.