పిల్ల అడుగులు

బాపయ్య వంగి ఈతచీపురుతో మట్టి సమం చేస్తున్నాడు. కొండమీది నీటితొట్టి చుట్టూ జల్లెడ పట్టిన ఎర్రమట్టి పరిచి ఉంటుంది. రాత్రి నీళ్ళకొచ్చిన జంతువు దానిమీద అడుగు వేయక తప్పదు. పొద్దున్నే ఆ అడుగులు చూసి ఫారెస్టు వాళ్ళకు చెప్పి, మళ్ళీ ఊడ్చిపెట్టాలి. వినుకొండ అవతల ఈ కొండకు వాచరుగా చేరిన నాటినుంచీ అతని నడుము ఈ పనికే వంగింది. మొదట్లో ఎలుగుల జాడలు ఒకదానిమీద ఒకటి పడి కలిసిపోయేవి. ఇప్పుడు మిగిలింది ఒక్క తల్లి, దాని వీపుమీద పాలు మరవని పిల్ల. పిల్ల అడుగు ఇంతవరకూ మట్టిమీద పడలేదు.

చీపురు ఆగింది. తొట్టి అవతల, ఇంకా ఊడ్వని చోట, అరచేతిలో ఇమిడే అడుగులు. పక్కన పెద్ద అడుగు లేదు.

చేతిలో చీపురుతోనే ఆ జాడ వెంట వాగులోకి దిగాడు. గట్టుమీద తన మొక్కజొన్న చేను. దాని అంచున కొత్తగా పూడ్చిన మట్టి, పైన రేగుకంప. కంప ముందు చిన్న గోళ్ళ గీతలు.

ఇంటికొచ్చేసరికి కొడుకు సాయిరాం వసారాలో ఇనుపతీగ చుట్ట చుడుతున్నాడు. భార్య గురవమ్మ మిరపకాయల్లో తాలు ఏరుతోంది. బాపయ్య చీపురు గోడకు ఆనించాడు.

"ఉచ్చు ఎందుకు కట్టావురా?"

"పందులకు కట్టా. పోయినేడు చేనంతా దున్నిపోయినయ్యిగా." సాయిరాం తలెత్తలేదు. "నువ్వేగా నాన్నా అమ్మతో అంది, ఎలుగు వాగుదారినే దిగుద్ది, చీకట్లో అటు పోబాకని. పందులూ ఆ దారినే వస్తయ్యనుకున్నా."

అవును. భార్య కాయకోతకు పోతుందని భయపడి, అన్నం తింటూ చెప్పాడు.

జేబులో ఫోను మోగింది. బీటు ఆఫీసరు నాగేంద్రబాబు.

"ఏం బాపయ్యా, తల్లీపిల్లా వచ్చినయ్యా?"

నిజం చెబితే వాళ్ళొచ్చి పిల్లను పట్టుకెళ్తారు, పాలుపట్టి బతికించుకుంటారు. తల్లి ఏదని కూడా అడుగుతారు.

గురవమ్మ చేతులు కాయల్లో ఆగిపోయాయి. "నోరెత్తబాకయ్యా. పిల్లోణ్ణి జైల్లో వేస్తారు," అంది గుసగుసగా.

"వచ్చినయ్యండి."

"రెండూ బానే ఉన్నయ్యా?"

"బానే ఉన్నయ్యండి."

"హమ్మయ్య. ఈ ఒక్కటీ నిలబడితే చాలయ్యా, కొండ మళ్ళీ నిండుద్ది."

బాపయ్య ఫోను గూట్లో పెట్టాడు. ఖాకీ చొక్కా ఇక తనది కాదన్నట్టు విప్పి మడతపెట్టి దాని పక్కనే ఉంచాడు. గురవమ్మ కంచం పెట్టి పిలిచింది. అతను గడప దాటి, కొండవైపు కాక రోడ్డువైపు నడిచాడు.

గోడకు ఆనించిన ఈతచీపురు చివర్లకు పొద్దుటి ఎర్రమట్టి ఇంకా అంటుకొనే ఉంది.